పచ్చి ఉప్పు

మా ఇంటి ఆడవాళ్ళకి మెడలు నిండుగా ఉంటాయి. అమ్మకీ అంతే, నాకూ అంతే. మా తమ్ముడి పెళ్ళాం సన్నటి మెడతో కాపురానికొచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె గొంతు దగ్గర కూడా కాస్త ఎత్తుగా కనపడింది. అమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "ఇప్పటికి మా ఇంటి పిల్లవయ్యావే!" అని మురిసిపోయింది. అప్పటికి మరదలు నీళ్ళోసుకుని ఉంది.

తమ్ముడూ నేనూ ఉప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాం. మా వైపు సముద్రం మొహం చూసినవాళ్ళు లేరు. బోర్లలోంచి ఉప్పునీళ్ళు తోడి, మడుల్లో ఎండగట్టి, గీకిన ఉప్పుని షెడ్డులో కుప్ప పోస్తారు. ఆ ఉప్పు బెల్టు మీద పోతుంటే పైనుంచి అయోడిన్ నీళ్ళు తుంపరగా పడతాయి. ఆ నీళ్ళు కలపడం, తుంపర అంతటా సమానంగా పడుతోందో లేదో చూడటం తమ్ముడి పని. నేను చివర్లో కూర్చుని ప్యాకెట్లకి సీలు వేస్తాను.

ఆ నీళ్ళని మేం 'మందు' అంటాం. మందు కలిసిన ఉప్పు బయటివాళ్ళకి. పనివాళ్ళం మాత్రం ఎవరి సంచీ వాళ్ళం తెచ్చుకుని, బెల్టు ఎక్కకముందే కుప్పలోంచి నింపుకుని ఇంటికి పట్టుకుపోతాం. అది మా హక్కు, మేనేజరు కూడా కాదనడు. "గుండ్రాయిల్లా ఉన్నాం, మనకెందుకయ్యా మందు?" అని తమ్ముడే అందర్నీ నవ్వించేవాడు.

వాడి కూతురు చిట్టి. పాలు తాగడానికి కూడా బద్ధకించేది. ఏడుపన్నది ఎరగదు. ఎంత బుద్ధిమంతురాలో అని మేమంతా మెచ్చుకున్నాం. నడక ఆలస్యమైంది, పోనీలే అనుకున్నాం. మూడో ఏడు నిండినా "నాన్న" అనలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యమే" అంటూ అమ్మ కొట్టిపారేసేది. ఫ్యాక్టరీలో ఎవరడిగినా తమ్ముడు అదే పాట పాడేవాడు. మరదలు మాత్రం గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది. చివరికి ఆమె పోరు పడలేకే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. రెండోసారి వెళ్ళినప్పుడు పిల్లని వదిలేసి మరదలి మెడ తడిమి చూసింది. తర్వాత నా మెడవైపు చూసింది.

"ఇంట్లో ఏ ఉప్పు వాడతారు?"

"ఉప్పుకేం లోటండీ మాకు!" అన్నాడు తమ్ముడు హుషారుగా. "ఫ్యాక్టరీలోనే కదా నా పని. కుప్పలోంచి తెచ్చుకుంటాం. మందూ గిందూ కలపని పచ్చి ఉప్పు."

ఆమె పెన్ను కింద పెట్టింది. మెల్లగా, మాకు అర్థమయ్యేలా చెప్పింది. గొంతులో ఉండే గ్రంథికి అయోడిన్ కావాలట. మా నేలలో అది లేదు, కాబట్టి మా నీళ్ళలోనూ, కూరల్లోనూ లేదు. ఉప్పులో కలిపితేనే ఒంటికి అందేది. అందక, అందక ఆ గ్రంథి వాస్తుంది. తల్లికే చాలకపోతే కడుపులో బిడ్డకి మెదడు ఎదగాల్సినట్టు ఎదగదు.

"నేనే కలుపుతానండీ అది," అన్నాడు తమ్ముడు. "రోజూ నేనే కలుపుతాను." ఆ మాట రెండుమూడుసార్లు అన్నాడు. తర్వాత అడిగాడు, "ఇప్పట్నుంచి పెడితే మామూలైపోతుందా?"

"మాత్రలిస్తాను. ఎదుగుతుంది, కాస్త చురుకు వస్తుంది. కానీ కడుపులో ఉన్నప్పుడు జరిగిన నష్టం పూడదు, బాబూ."

మరదలు పిల్లని గుండెకి హత్తుకుని బావురుమంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

మర్నాడు తమ్ముడు చిట్టిని ఫ్యాక్టరీకి ఎత్తుకొచ్చాడు. షిఫ్టు దిగి అందరూ కుప్ప దగ్గర సంచులు నింపుకుంటున్నారు. వాళ్ళలో బస్తాలు కుట్టే పిల్ల కూడా ఉంది, ఏడో నెల. తమ్ముడు చిట్టిని బస్తాల మీద కూర్చోబెట్టాడు.

"దీన్ని పిలవండి," అన్నాడు.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. వాడే పిలిచాడు. "చిట్టీ! చిట్టితల్లీ!" అది ఎటో చూస్తూ కూర్చుంది.

"మాటలు ఆలస్యమని మీతో అబద్ధం చెప్పాను. దీనికి బుర్ర ఎదగలేదు. వీళ్ళమ్మ పచ్చి ఉప్పు తిన్నందుకు. తెచ్చిపెట్టింది నేనే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పసిదాన్ని అంగట్లో సరుకులా చూపిస్తావట్రా? సిగ్గులేదూ?" అని అందరి ముందూ అరిచాను. బస్తాలు కుట్టే పిల్ల తన సంచీని కుప్ప మీద బోర్లించింది. ఇంకో ఇద్దరు కూడా అదే పని చేశారు. మిగతావాళ్ళు, "ఇన్నాళ్ళూ తిన్నాం, మాకేమైంది?" అని గొణుక్కుంటూ సంచులు భుజానేసుకుని వెళ్ళిపోయారు.

బస్సులో చిట్టి వాడి ఒళ్ళోనే నిద్రపోయింది. నా కోపం అప్పటికి చల్లారింది, జాలి మిగిలింది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి కదా అని, "పోనీలేరా, అంతమంది తనని వింతగా చూశారని దానికేం తెలీలేదులే," అన్నాను.

వాడు పిల్ల జుట్టులో ఉప్పు దులుపుతూ, "తెలిసుంటే ఎంత బాగుండేదక్కా," అన్నాడు. "అంతమందిని చూసి సిగ్గుపడి, నా వెనక్కొచ్చి దాక్కుని ఉంటే ఎంత బాగుండేది."