గుండీలక్క నీడ

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు వంటలు జరిగేవి. ఒకటి ఆయనకి, ఉప్పూ నూనే చూసీచూడనట్టు వేసి. రెండోది కొడుక్కి. వాడికి వేపుడు లేకపోతే ముద్ద దిగదు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన ఏడాదే గుండెనొప్పితో ఆస్పత్రిలో పడ్డాడు. అది జరిగి రెండేళ్లు. అప్పట్నుంచి సిగరెట్టు మానేశాడు, తెల్లారగానే నడకకి బయల్దేరుతున్నాడు, ఆకుకూర చూస్తే మొహం చిట్లించడం కూడా మానేశాడు. ఎంత మారాడో అని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. మార్చింది ఆయన భార్య.

ఆవిడని అందరూ గుండీలక్క అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కాజాలు తీసి గుండీలు కుట్టడం ఆవిడ పని. అక్కడ కూర్చుంటే లేవడం ఉండదు, ఇంట్లో లేస్తే కూర్చోవడం ఉండదు. ఆయన మాత్రలు ఆయన చేతిలో పెట్టి, కొడుక్కి డబ్బా కట్టి, బాణలిలో మిగిలిన వేపుడు ఊడ్చుకుని నిలబడే నాలుగు ముద్దలు మింగి పరుగు.

ఒకరోజు అలా పరుగున పోతుంటే కూరగాయలమ్మే ఆమె కేకేసింది.

"అక్కా, ఆగాగు! నీ నీడ కూర్చుండిపోయింది."

తిరిగి చూస్తే నిజమే. గోడవారగా, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని, నీడ రొప్పుతోంది.

"లేవవే, ఆలస్యమైపోతోంది," అంది గుండీలక్క.

"పాపం, కాసేపు కూర్చోనీ."

"అది కూర్చుంటే నాకు గడిచేదెలా?"

నీడ లేచి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

తర్వాత అది రోజూ కూర్చుంటూనే ఉంది. దుకాణం మెట్లెక్కుతుంటే సగంలో చతికిలబడేది. యజమాని దానికోసం మెట్ల పక్కన ఒక స్టూలు వేయించాడు. ఇంట్లో ఆయన నవ్వేవాడు.

"నీ నీడ బద్ధకం నేర్చిందే. పొద్దున నాతో పంపు, నడిపించుకొస్తా."

"అమ్మో, పొయ్యి దగ్గర నాకు తోడెవరు మరి?"

వీపు లాగుతుంటే వంగి కుట్టే పని కదా అనుకుంది. ఆయాసం వస్తే వయసు అనుకుంది.

ఆయన చెకప్ రోజు వచ్చింది. ఎప్పట్లాగే రిపోర్టుల సంచి పట్టుకుని వెంట వెళ్లింది. డాక్టరమ్మ ఎదురుగా ఒకటే కుర్చీ. ఆయన కూర్చోబోయేలోపు నీడ వెళ్లి అందులో కూలబడింది. మనిషున్న కుర్చీలో కూర్చోలేక ఆయన మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి నీడకేసి చూసింది. "ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఆయనకాండీ? ఇప్పుడు నయమే, నడక కూడా..."

"ఆయన సంగతి కాదమ్మా. మీ సంగతి."

గుండీలక్క సంచిలోంచి ఆయన రిపోర్టులు తీయబోయి ఆగింది. ఆ గదికి ఎన్నోసార్లు వచ్చింది. అక్కడ తనని ఎవరైనా ఏమైనా అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు.

"మీరు బీపీ చూపించుకుని ఎన్నాళ్లైంది?"

"ఆయనకి నెలనెలా చూపిస్తానండీ."

డాక్టరమ్మ ఇంకేం అడగకుండా ఆవిడ చేతికి పట్టీ చుట్టింది. అంకె చూసి, ఆ పూటే పరీక్షలన్నీ చేయించింది. గుండెకి వెళ్లే రక్తనాళమొకటి బాగా సన్నబడిందని తేలింది.

"నీడ కూర్చుంది కాబట్టి సరిపోయింది," అంది డాక్టరమ్మ. "గుండే కూర్చుని ఉంటే ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు."

ఇంటిదాకా రిపోర్టుల సంచి ఆయనే మోశాడు. గుమ్మంలోకి వచ్చాక అడిగాడు. "ఈ రెండేళ్లూ నువ్వేం తిన్నావే?"

ఆలోచించింది. ఆయన కంచం గుర్తొచ్చింది, కొడుకు కంచం గుర్తొచ్చింది. తన కంచం ఎలా ఉంటుందో ఎంతకీ గుర్తుకు రాలేదు.

"ఏమోనండీ," అంది.

ఆయన వంటింట్లోకి వెళ్లి ఆవిడకో కంచం కడిగి తెచ్చాడు.

మర్నాటినుంచి ఇంట్లో ఒకటే వంట. కొడుకు సణిగాడు, సణుగుతూనే తిన్నాడు. కూరలు ఆయన తరిగేవాడు, ఒక్కో ముక్కా గుప్పెడంత. దుకాణంలో గుండీలక్క గంటకోసారి లేచి అటూ ఇటూ తిరిగేది. డాక్టరమ్మ తనకి రాసిచ్చిన మాత్రలు తన చేత్తో తనే వేసుకునేది. పొద్దుటి నడక మొదట వీధి చివరిదాకా, తర్వాత పార్కుదాకా సాగింది. నీడ అక్కడక్కడా ఆగేది, వాళ్లూ ఆగేవాళ్లు.

చలి తగ్గిన ఒక ఉదయం ఏటిగట్టు దాకా వెళ్లారు. నీళ్ల మీంచి గాలి వచ్చి మొహానికి తగిలింది. చిన్న పడవొకటి అవతలి ఒడ్డుకి పోతోంది. గుండీలక్క కళ్లప్పగించి చూసింది.

"ఇంత బాగుంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"రోజూ చెప్పానే. నువ్వు గిన్నెలు తోముతుండేదానివి, వినబడి ఉండదు."

ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి. నీడ మాత్రం ఎవరికోసమూ ఆగకుండా అప్పటికే గట్టు దిగుతోంది.

"ఉండవే, వస్తున్నా," అంటూ గుండీలక్క దాని వెనకే నడిచింది.