తాటికొల్లు వారి సమ్మేళనం

సత్తుపల్లి ఫంక్షన్ హాలు ముందు బండి ఆపేసరికే జయరాజ్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గేటు మీద ఇంత పొడుగు ఫ్లెక్సీ: తాటికొల్లు వారి ఆత్మీయ సమ్మేళనం. దాని నిండా ఆ ఇంటిపేరు నిలబెట్టినవాళ్ల ఫొటోలే. తాటికొల్లు రైస్ మిల్లు, తాటికొల్లు నర్సింగ్ హోం, తాటికొల్లు ట్రావెల్స్, ఎవరో రిటైర్డ్ ఇంజనీరు. చిట్టచివర, ఖర్మ కాకపోతే, జయరాజ్ ఫొటో కూడా: తాటికొల్లు పామాయిల్ నర్సరీ, దమ్మపేట.

తప్పు వాళ్లదే. రోడ్డు మీద బోర్డు చూసి, మనవాడే అనుకుని ఫోన్ చేశారు. జయరాజ్ తాతలదీ తాటికొల్లు ఊరే, కాకపోతే చర్చి ఉన్న వాడ. ఫోన్లోనే ఆ ముక్క చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. ఆ పిలుపు చెవికి ఎంత తియ్యగా తగిలిందో అతనికే తెలుసు మరి!

"మీ నాయన పేరడిగితే ఏం జెప్తవ్‌రా?" అంది తల్లి విశ్రాంతమ్మ బండి దిగుతూ.

"అడగరులే అమ్మా."

"ఎందుకడగరు? ఇంటిపేరోళ్లు కలిస్తే మొదలడిగేది అదే."

జయరాజ్ దారి పొడుగునా ఒక పేరు సిద్ధం చేసుకున్నాడు: వెంకయ్య. పోయిన నాయన లేచొచ్చి అడుగుతాడా అని సర్దిచెప్పుకున్నాడు. సిగ్గూ వేసింది.

స్టేజీ మీదికి పిలిచారు. మిల్లు యజమాని వెంకటరామారావు శాలువా విప్పుతూ నవ్వాడు.

"ఎవరబ్బాయివయ్యా నువ్వు? మీ నాన్నగారి పేరేంటి?"

మైకు జయరాజ్ మూతి దగ్గరికొచ్చింది. ముందు వరసలో విశ్రాంతమ్మ తల దించుకుంది. కొడుకు నోట అబద్ధం వినలేననుకుందేమో. ఆమెను చూశాక వెంకయ్య అన్న పేరు గొంతు దాటి రాలేదు.

"యోనా అండి. మీ ఇంట్లనే పాలేరుగ జేసిండు."

వెంకటరామారావు శాలువా కప్పాడో విసిరాడో, మొత్తానికి భుజం మీద పడింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మైకులో అప్పుడే ఇంకొకరి పేరు పిలుస్తున్నారు.

జయరాజ్ గబగబా మెట్లు దిగాడు. "పోదాం పా అమ్మా, జల్దీ."

"యాడికి? పిలిచింది వాళ్లే గదా!"

ఆమె నేరుగా భోజనాల దగ్గరికి నడిచింది. మొదటి పంక్తిలో, మిల్లువాళ్ల మధ్యనే కూర్చుని, పక్క కుర్చీ లాగింది. ఆకు ముందు తటపటాయిస్తున్న వంటాయనతో, అందరికీ వినపడేలా అంది:

"వడ్డించు నాయనా. యోనా పెండ్లాన్ని."

జయరాజ్ వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.