గాజుగదిలో కొలిచిన ఎండ

తమ్ముడికి సిగ్గెక్కువ. వినయం వల్ల వచ్చే సిగ్గయితే మెచ్చుకోవచ్చు, కానీ ఇది ఆ రకం కాదు. నలుగురూ నవ్వుతారేమోనన్న సిగ్గు. ముప్పై రెండేళ్లొచ్చినా గొడుగేసుకుని వీధిలోకి వెళ్లాలంటే నామోషీ, కొత్త చెప్పులేసుకుని నడవాలంటే నామోషీ. అలాంటివాడి చేతికి ఎండను కొలిచే మీటరు వచ్చిపడింది. అసలు చిక్కంతా అక్కడ మొదలైంది.

ఆ మీటరు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. అక్కా తమ్ముడూ కలిసి మొక్కల నర్సరీ నడుపుతున్నారు. పెద్దదేం కాదు. రోడ్డు పక్కన అరెకరం స్థలం, ముందు గులాబీలూ కాగితంపూల తీగలూ, మధ్యలో ఆకుపచ్చ వల కట్టిన నీడలో ఇంట్లో పెంచుకునే మొక్కలు, వెనక గోడవారగా విత్తనాలు మొలకెత్తించడానికి చిన్న గాజుగది. పేరుకు ఇద్దరిదే గానీ హస్తవాసి అక్కది. ఆమె అంటు కడితే ఎండుపుల్లకైనా చిగురు రావాల్సిందేనని వచ్చేపోయేవాళ్లు అంటుంటారు. తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పట్లో ముక్కు తుడిచిందీ ఆమే, వాడి ఉద్యోగం ఊడినప్పుడు "పోతే పోయిందిలేరా, మట్టిపని నేర్చుకో" అని తెచ్చి పక్కన నిలబెట్టుకున్నదీ ఆమే.

అలాంటి మనిషికి ఎండ పడని జబ్బొచ్చింది. చూడండి విడ్డూరం, చేపకు నీళ్లు పడనట్టు! బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, వేళ్ల కణుపుల్లో వాపు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం. డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చూసి మందులు రాసింది. మందులెంత ముఖ్యమో ఎండ తగలకుండా ఉండటం అంత ముఖ్యమంది. ఎండలో కంటికి కనబడని కిరణాలుంటాయట. వేడిని బట్టి వాటిని అంచనా వేయలేమట, పలచగా మబ్బు పట్టిన రోజు కూడా మోసం చేస్తాయట. అందుకని చేతిలో పట్టుకునే చిన్న మీటరు కొనుక్కోమంది. అంకె మూడు లోపు ఉంటేనే బయట పని. మూడు దాటిందా, నీడలోకి వెళ్లిపోవాలి.

"గంటగంటకీ చూసి పుస్తకంలో రాయండి. రెండు నెలల తర్వాత ఆ పుస్తకం పట్టుకుని రండి. మందు పెంచాలో వద్దో దాన్ని బట్టే చూస్తాను" అంది.

"అదంతా నేను చూసుకుంటానండీ" అన్నాడు తమ్ముడు, అక్క నోరు తెరిచేలోపే. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాడు, పాపం.

మర్నాడే మీటరు కొనుక్కొచ్చాడు. సబ్బుబిళ్లంత ఉంది. పైన తెల్లటి గుండీలాంటిదొకటి, కింద అంకె కనబడే కిటికీ. ఏదీ చూద్దామని అక్క చేయి చాపితే ఇవ్వలేదు.

"మట్టిచేతులతో ముట్టుకోకక్కా, పాడైపోతుంది. నేను చూసి చెప్తాగా!"

మీటరుతో పాటు ఎలా వాడాలో రాసిన కాగితం ఒకటి వచ్చింది. దాన్ని చదివిన పాపాన పోలేదు. నాలుగు మడతలు పెట్టి, గాజుగదిలో ఊగుతున్న బల్లకాలి కింద దోపాడు. బల్ల ఊగడం ఆగింది.

మొదటి రెండు రోజులూ ముసురు. బయట నిలబడి కొలిస్తే ఒకటి, మహా అయితే రెండు. మూడో రోజు ఎండ కాసింది. మనవాడు గులాబీల మధ్య నిలబడి మీటరును పైకెత్తాడో లేదో, ఎదురుగా కుండీలమ్మే ఆయన తన కొట్టు మెట్ల మీద నుంచి, కొనడానికొచ్చిన జనమంతా వినేలా కేకేశాడు.

"ఏమయ్యోయ్! సూర్యుడికి జ్వరం చూస్తున్నావా? ఎంతుందేం, మాత్ర వేద్దామా?"

అందరూ గొల్లుమన్నారు. అక్క కూడా పడీపడీ నవ్వి, "మీ నిచ్చెన ఇవ్వండి బాబాయ్, ఎక్కి మింగిస్తాడు" అంది. ఆమెకది సరదా. తమ్ముడికి చెవులు కాలిపోయాయి. అంకె చూడకుండానే మీటరును జేబులో వేసుకుని లోపలికి పరుగెత్తాడు. ఆ రోజు నుంచీ కుండీలాయన నోట అతనికి 'జ్వరం డాక్టరు' తప్ప ఇంకో పేరు లేదు.

అంతే, కొలవడం గాజుగదిలోకి మారింది. అక్కడ ఎవరికీ కనబడడు, ఫ్యానుంది, కుర్చీ ఉంది. గాజుకప్పులోంచి ఎండ బల్ల మీద పడుతూనే ఉంది కదా! ఎండ ఎక్కడైనా ఎండే, లోపల కొలిస్తే ఏం, బయట కొలిస్తే ఏం అనుకున్నాడు. పొద్దున సున్నా, పదింటికి ఒకటి, మిట్టమధ్యాహ్నం రెండు. పుస్తకంలో పొందిగ్గా రాసుకుని, తలుపుసందులోంచి రెండు వేళ్లు బయటపెట్టి ఊపేవాడు.

"రెండే అక్కా! వచ్చెయ్ బయటికి!"

ఆమె నీడలోంచి లేచి, "హమ్మయ్య" అని కత్తెర పట్టుకుని గులాబీల్లోకి వెళ్లేది. పన్నెండింటికీ వెళ్లేది, ఒంటిగంటకీ వెళ్లేది. ఒకసారి చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, "ఒరేయ్, మాడు పగిలిపోతుంటే రెండేమిట్రా?" అని అడిగింది కూడా.

"వేడి వేరు, ఇది వేరు. డాక్టరమ్మ చెప్పలేదూ?" అన్నాడు పెద్ద తెలిసినవాడిలా.

నిజమే, డాక్టరమ్మ చెప్పింది. అక్క నమ్మింది.

నలభై రోజులు ఇలాగే గడిచాయి. మచ్చలు తగ్గలేదు సరికదా, మెడ దాకా పాకాయి. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక, కత్తెర పట్టుకోవడానికే అరగంట పట్టేది. మందు ఇంకా ఒంటికి పట్టలేదేమోరా అనేది అక్క. "మన వైపు నుంచి లోపం లేదక్కా. చూడు, ఒక్కరోజైనా మూడు దాటిందేమో" అని పుస్తకం తిప్పి చూపించేవాడు తమ్ముడు. పైగా అదొక గర్వం!

ఒక మధ్యాహ్నం, ఒక చేతిలో బంతినారు ట్రే, ఇంకో చేతిలో మీటరు పట్టుకుని గాజుగది గడప దాటాడు. మీటరు ఆపడం మరిచిపోయాడు. బయట చల్లగా గాలి కూడా వేస్తోంది. యథాలాపంగా అంకె వైపు చూశాడు. తొమ్మిది.

పాడైందనుకున్నాడు. ట్రే కింద పెట్టి లోపలికెళ్లాడు. రెండు. బయటికొచ్చాడు. తొమ్మిది. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. నాలుగోసారి గడప మీదే నిలబడి చేయి మాత్రం అటూ ఇటూ చాపాడు. లోపల రెండు, బయట తొమ్మిది. మీటరు పాపం నిక్షేపంలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది కాగితం. బల్లకాలి కింద నుంచి లాగాడు. మొదటి వరుసలోనే లావు అక్షరాలతో ఉంది: ఆరుబయటే కొలవాలి, పైభాగాన్ని ఆకాశం వైపు పెట్టాలి, గాజు వెనక నుంచి కొలిస్తే అంకె బాగా తక్కువగా వస్తుంది. ఒకటికి మూడుసార్లు చదివాడు. నలభై రోజులుగా రెండు వేళ్లూపి అక్కను నిప్పుల్లోకి పంపింది తనే. మచ్చలు పాకింది అందుకే, వేళ్ల వాపు ముదిరింది అందుకే.

వెంటనే చెప్పేద్దామనే బయలుదేరాడు. అబద్ధమెందుకూ, నిజంగానే బయలుదేరాడు. కానీ నీడవల దగ్గర అక్క ఎవరో ఆవిడకు మొక్కలు చూపిస్తోంది. ముఖం మీద ఆ మచ్చలేమిటని ఆవిడ అడిగినట్టుంది.

"ఎండ పడదండీ నాకు. అయినా నాకేం భయం లేదు, మా తమ్ముడున్నాడు. గంటగంటకీ మీటరు చూసి రాస్తాడు. కన్నతల్లి కూడా అంత కనిపెట్టుకుని ఉండదు" అంటోంది.

తమ్ముడి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ మాట విన్నాక ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి? సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు. సాయంత్రం రేపనుకున్నాడు. ఒకరోజు దాటాక చెప్పడం ఇంకా కష్టం. మొదటిరోజు చెబితే అది పొరపాటు, రెండోరోజు చెబితే నిన్నెందుకు చెప్పలేదని అడుగుతారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడానికి రెండు వారాలుంది. ఆ రెండు వారాలూ నడివీధికి కనబడేలా నిలబడి కొలిచాడు. కుండీలాయన జ్వరం ఎంతని అరిచినా తల తిప్పలేదు. "ఎండలు ముదిరాయక్కా, నువ్వు రాకు, బయటపని నాది" అని తనే గులాబీల్లోకి దిగాడు. కొమ్మలు కత్తిరించడం రాక ముంజేతులంతా గీరుకుపోయాయి. అక్క వాటికి మందు రాస్తూ, "నాకోసం ఎంత అవస్థ పడుతున్నావురా" అంది. ఆ మందు కన్నా మాట ఎక్కువ మండింది.

అంతవరకైతే దిద్దుకున్నాడులే అనుకోవచ్చు. కానీ పుస్తకం ఉందే! రెండు తర్వాత ఒక్కసారిగా తొమ్మిది రాస్తే దొరికిపోతాడు. అందుకని మూడు రాశాడు. రెండు రోజులాగి నాలుగు. ఎండ తొమ్మిదున్నా, పదున్నా పుస్తకంలో నాలుగే. అంతకుముందు రాసినవి తెలియక రాసినవి. ఇవి మాత్రం తెలిసి తెలిసి రాసినవి. కలం మూసిన ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసేది.

రెండు నెలలు నిండాయి. డాక్టరమ్మ అక్క బుగ్గలు చూసింది, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది, కొత్త రక్తపరీక్ష కాగితం చూసింది. తర్వాత పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది.

"ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు నా దగ్గర ఇంకెవరూ లేరు" అంది తమ్ముడి వైపు చూసి.

అక్క పొంగిపోయింది. తమ్ముడు నేల వైపు చూశాడు. నేల చీలిపోతే బాగుండనిపించింది. గచ్చునేల, అదేం చీలుతుంది?

"కానీ ఇదే నాకు దిగులుగా ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "ఎండ తగలకుండానే ఇంత ముదిరిందంటే, ఈ మందు చాలడం లేదన్నమాట. గట్టి మందు మొదలుపెడదాం. జుట్టు రాలొచ్చు. పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష తప్పదు. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి, మట్టిపని మాత్రం ఇక పూర్తిగా మానేయాలి. మట్టిలో క్రిములుంటాయి."

అక్క తన చేతుల వైపు చూసుకుంది. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో మట్టి నల్లగా ఉండనే ఉంది.

"నాకు ఇంకో పని రాదండీ" అంది మెల్లగా.

"తప్పదమ్మా. ప్రాణం ముఖ్యం కదా" అని డాక్టరమ్మ మందుల చీటీ మీద రాయడం మొదలుపెట్టింది. ఒక వరుస అయింది. రెండో వరుస మొదలైంది.

"ఆగండి" అన్నాడు తమ్ముడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ అంకెలు తప్పు."

"తప్పంటే?"

"గాజుగదిలో కూర్చుని కొలిచానండీ. బయట తొమ్మిదుంటే లోపల రెండు చూపించేది. రెండే అని చెప్పి అక్కను నేనే ఎండలోకి పంపాను. నలభై రోజులు."

డాక్టరమ్మ కలం ఆపింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. "తెలియక చేశారు. చాలామంది చేసే పొరపాటే" అంది.

ఆ మాట పట్టుకుని బయటపడిపోవచ్చు. దారి ఆమే చూపించింది, ఔనండీ అంటే చాలు. అక్క కూడా ఔననమన్నట్టే చూస్తోంది.

"నలభై రోజులు తెలియకండీ. తర్వాత పద్నాలుగు రోజులు తెలిసే. చివరి పేజీలు దొంగవి. బయటే కొలిచి తక్కువ చేసి రాశాను."

"తెలిశాక ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

అక్క అప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అర్థంకాకపోవడమే ఉంది. "అదలా ఉంచు. గాజుగదిలో ఎందుకు కొలిచావురా? వాకిట్లోకి పది అడుగులేగా!"

ఇంతదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చెప్పక తప్పలేదు.

"కుండీలాయన నవ్వాడని."

అక్క తన వాచిన వేళ్లను ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది, లాగి ఒక్కటిచ్చినా బాగుండేది. తమ్ముడికి కళ్లు మసకలు కమ్మాయి. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి, పెదవి కొరుక్కుని నిలబడ్డాడు.

డాక్టరమ్మ చీటీ చింపేసింది. "పాత మందే ఇంకో రెండు నెలలు చూద్దాం. ఈసారి నిజంగా నీడలో ఉండండి. మట్టిపని నీడలో కూర్చుని చేసుకోండమ్మా, మానక్కర్లేదు" అంది. పుస్తకం వెనక్కి ఇవ్వలేదు.

ఇద్దరూ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చారు. బయట మెట్ల మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. అక్క నీడ అంచున ఆగి, అలవాటుగా అడిగింది.

"ఎంత?"

తమ్ముడు రెండు మెట్లు దిగి, ఆరుబయట నిలబడి, మీటరును ఆకాశం వైపు ఎత్తాడు. దారినపోయేవాళ్లు చూశారు. చూడనీ. "ఎనిమిది" అన్నాడు.

అక్క చేయి చాపింది. ఈసారి ఇచ్చాడు. ఆమె గుమ్మంలోంచి చేయి ఒక్కటే ఎండలోకి చాచి, వాచిన వేళ్లతో మీటరును నిలకడగా పట్టుకుని, కళ్లు చికిలించి అంకె చూసుకుంది.

ఎనిమిదే. తమ్ముడు నిజమే చెప్పాడు.

"ఇది నా దగ్గరుంటుందిలే" అని మీటరును సంచిలో వేసుకుని గొడుగు తీసి అతనికిచ్చింది. తమ్ముడు దాన్ని విప్పి, నీడంతా ఆమె మీదే పడేలా పట్టుకుని పక్కన నడిచాడు. బస్టాపు దాకా అక్క మూడుసార్లు సంచిలోంచి మీటరు తీసి చూసుకుంది. ఒక్కసారి కూడా ఎంత అని అతన్ని అడగలేదు.