వడ్లగింజంత వాస్తు

నేను ఒక కప్లింగును. పేరు వినగానే మొహం చిట్లించకండి. మోటారు అంటే మీకు తెలుసు, పంపు అంటే తెలుసు. ఆ రెండిటి మధ్య ఏముంటుందో ఎప్పుడైనా తొంగి చూశారా? చూసి ఉండరు. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ చూడవచ్చిన వాళ్ళు కొంగుముడిని చూస్తారా? నా బతుకూ అంతే.

నా రూపం చెబుతాను, మళ్ళీ అర్థం కాలేదనకండి. నాకు రెండు ఇనప పళ్ళేలు. ఒకటి మోటారు ఇరుసుకు, ఇంకోటి పంపు ఇరుసుకు తొడుగుతారు. రెండు పళ్ళేలనూ కలుపుతూ బోల్టులు, ఆ బోల్టులకు రబ్బరు ఉంగరాలు ఉంటాయి. మోటారు తిరిగితే నేను తిరుగుతాను, నేను తిరిగితే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితే నీళ్ళు వస్తాయి. ఎంతటి మొనగాడు బిగించినా మోటారూ పంపూ సరిగ్గా ఒకే గీత మీద నిలబడవు. వెంట్రుకవాసి తేడా ఉండనే ఉంటుంది. ఆ తేడాను నా రబ్బర్లు మింగి, పైకి ఏమీ తెలియనివ్వవు. వెంట్రుకవాసి అయితే మింగుతాను, అంతకు మించితే నావల్ల కాదు. ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళు చెప్పలేదు. నా కథంతా ఇంతే, అయినా వివరంగా వినండి.

విజయవాడలో ఒక ఇరుకు సందులో, చిన్న ఫౌండ్రీలో పుట్టాను. పాత లారీ బ్రేకు డ్రమ్మూ, ఎవరిదో విరిగిన కుట్టుమిషను చక్రమూ, ఊరూపేరూ లేని మరికొంత తుక్కూ కలిపి కరిగించి నన్ను పోశారు. అందుకే నాకు కులగోత్రాల పట్టింపు లేదు. లేతు మీద చెక్కి, నూనె రాసి, ఒక కొట్టువాడికి అమ్మారు. అతను నన్ను చాలాకాలం తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. లోకానికి పనికొచ్చే వాళ్ళందరికీ మొదటి ఉద్యోగం ఇలాంటిదే దొరుకుతుందని ఆ తర్వాత విన్నాను.

అక్కడినుంచి ప్రకాశం జిల్లాలో, ఏటి ఒడ్డున ఉన్న చింతలరేవుకు చేరాను. రైతులంతా సంఘం కట్టుకుని ఏటి నీళ్ళను మెట్ట మీదకు తోడే ఎత్తిపోతల పంపుహౌసు అది. ప్రారంభం రోజున ఒక పెద్దమనిషి వచ్చి మీట నొక్కాడు. మోటారుకు దండ వేశారు, పంపుకు కొబ్బరికాయ కొట్టారు. నామీద ఒకాయన పొరపాటున చెప్పులు పెట్టాడు. నామీద చెయ్యి పడకుండా కప్పే ఇనప గూడును పంపు ఆపరేటరు పీరయ్య ఆ సాయంత్రమే ఇంటికి పట్టుకుపోయి కోడిపిల్లల మీద బోర్లించాడు. కోడిపిల్లలు క్షేమంగా పెరిగాయి, కాదనను.

ఈ పీరయ్య మంచివాడు. అంత మంచివాడు ఎవరికీ ఉపయోగపడడు. ఎవరు ఏం చెప్పినా "అట్టాగే" అంటాడు. ఇద్దరు వచ్చి రెండు రకాలుగా చెబితే రెండుసార్లు "అట్టాగే" అంటాడు. సంఘానికి ప్రెసిడెంటు చెంచురామయ్య. ఊళ్ళో పెద్దరైతు, మాట నెగ్గించుకునే మనిషి. కాలవ చిట్టచివర ఎకరం మడి ఉన్నది వెంగమ్మది. ఊరందరి పొలాలూ తడిసి, ఎవరైనా దయతలిచి గండి పూడిస్తే ఆమె మడికి నీళ్ళు పోతాయి. అందుకని రోజూ పొద్దున్నే పంపుహౌసు గుమ్మం దగ్గరికి వచ్చి చెవి ఒగ్గి వినేది. "తిరగతందా పీరయ్యా?" అనేది. "తిరగతంది వొదినా," అనేవాడతను. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె చేనికి పోయేది. నేను తిరుగుతున్నానా అని అడిగిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే కాబట్టి, ఆమె అంటే నాకు మొదటినుంచీ అభిమానం.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత చెంచురామయ్యకు కష్టాలు వచ్చాయి. పాడిగేదె చచ్చింది, పాలకేంద్రం ఎన్నికలో ఓడిపోయాడు, మోకాలు పట్టేసింది. గేదె ముసలిదై చచ్చింది, ఎన్నికలో ఆయనకు ఆయన తోడల్లుడే ఓటు వెయ్యలేదు, మోకాలికి ఆయన బరువే కారణం. కానీ మూడు కష్టాలకు మూడు కారణాలు వెతకడం కంటే మూడిటికీ కలిపి ఒకటి వెతకడం తేలిక. పక్క ఊరినుంచి కామావధాని గారనే వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఇల్లంతా చూసినా దోషం దొరకలేదట. దొరక్కపోతే సిద్ధాంతి మర్యాద ఏం కావాలి? "మీరు అధ్యక్షులుగా ఉన్న స్థలం ఇంకేదైనా ఉందా?" అని అడిగి పంపుహౌసుకు వచ్చాడు.

వచ్చి, జేబులోంచి సెల్లు ఫోను తీసి, అందులోని దిక్సూచి తెరిచి మోటారు వీపు మీద పెట్టాడు. ముల్లు గిరగిరా తిరిగింది. "చూశారా! దిక్కులే నిలవడం లేదిక్కడ. దోషం ఎంత తీవ్రంగా ఉందో!" అన్నాడు. ఇనుము మీద పెడితే దిక్సూచి తిరక్క ఏం చేస్తుంది? నేను నవ్వగలిగితే బోల్టులు ఊడేవి.

"మోటారు అగ్నితత్వం, పంపు జలతత్వం. రెండూ ఒకే సూత్రం మీద ఎదురెదురుగా ఉన్నాయి. ఇదే మీ కొంప ముంచుతోంది," అన్నాడు సిద్ధాంతి.

"మరేం జెయ్యమంటారు సామీ?" అన్నాడు చెంచురామయ్య మోకాలు పట్టుకుని.

"మోటారు మొహాన్ని ఆగ్నేయానికి ఒక్క యవ ప్రమాణం తిప్పించండి."

"యవ అంటే ఎంత సామీ?" అని పీరయ్య అడిగాడు.

"వడ్లగింజంత."

"ఓస్, అంతేగా! అట్టాగే," అన్నాడు పీరయ్య.

ఆ "ఓస్" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మోటారు కాళ్ళ బోల్టులు వదులు చేసి, గడ్డపార వేసి, వడ్లగింజంత ఎగదోసి మళ్ళీ బిగించారు. వెంట్రుకవాసి మింగేదాన్ని, వడ్లగింజను ఎలా మింగను? మరుసటి రోజునుంచే నా రబ్బర్లు అరిగి కింద నల్లటి పొడి రాలడం మొదలుపెట్టింది. పీరయ్య దాన్ని రోజూ చీపురుతో ఊడ్చేవాడు. ఎందుకు రాలుతోందని మాత్రం అడగలేదు, అతన్ని ఊడవమనే కదా చెప్పారు.

రబ్బర్లు పూర్తిగా పోయాక టౌనునుంచి మెకానిక్కు సింగయ్యను తెచ్చారు. అతను వంగి, ఒక కన్ను మూసి, నా రెండు పళ్ళేల సందులోంచి చూశాడు. సందు ఒక పక్క ఇరుకుగా, ఒక పక్క వెడల్పుగా ఉంది. అతనికి అంతా అర్థమైందని నాకూ అర్థమైంది. ఇక చెబుతాడనుకున్నాను. అప్పుడే చెంచురామయ్య, "మోటారు తిప్పించిన కాడ్నించీ నా మోకాలు నొప్పి సగం తగ్గింది సింగయ్యా," అన్నాడు. డాక్టరు ఇచ్చిన బిళ్ళలు కూడా ఆ వారంలోనే మొదలుపెట్టాడని ఎవరికీ గుర్తులేదు. సింగయ్య రెండో కన్ను కూడా మూసేశాడు. "రబ్బర్లు పోయినయ్యండీ," అని కొత్తవి వేసి వెళ్ళాడు. నిజం చెబితే ఒక్కసారే పని, చెప్పకపోతే నెలనెలా పని. అతన్ని తప్పుపట్టను, అతనికీ ఇల్లుంది.

అలా వచ్చినప్పుడల్లా కొత్త రబ్బర్లు వేశాడు, నేను అరిగినప్పుడల్లా నన్ను తిట్టారు. "ఈ కప్లింగు ఉత్త మెతకది," అన్నాడు చెంచురామయ్య. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పంపుహౌసులో ఏ చప్పుడు వచ్చినా నా పేరే. చివరికి, "ఆ రబ్బర్లు పీకేసి రెండు పళ్ళేలకీ కలిపి వెల్డింగు పెట్టించండి. ఇంక అరిగేదేంది, ఇరిగేదేంది!" అని తీర్మానించాడు. సంఘం సభ్యులందరూ తలలూపారు. నాలో ఉన్న కాస్త మెత్తదనం అంతా పీకి, నిప్పులు పెట్టి నన్ను ఒకే ముద్దగా అతికించారు. ఆరోజు నాకు ఏడుపు వచ్చింది. రెండిటి మధ్య సర్దుకుపోవడమే నా పని. ఆ పని చేయనివ్వకుండా చేసి, ఇప్పుడు గట్టిదానివయ్యావని మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండా పంపు ఇరుసు ఫట్టున విరిగింది. విరిగిన ముక్క నా పొట్టలోనే ఉండిపోయింది. గొట్టంలో సగం దూరం ఎక్కిన నీళ్ళు బుడబుడమంటూ వెనక్కి జారి ఏట్లో కలిశాయి. సరిగ్గా పైరు పొట్ట మీద ఉన్న సమయం.

ఎగువ వాళ్ళ మళ్ళలో ఇంకా తడి ఉంది. వెంగమ్మ మడి నెర్రెలిచ్చింది. ఆమె చెంగు బిగించి పంపుహౌసుకు వచ్చింది. చెంచురామయ్య అక్కడే కుర్చీలో కూర్చుని, నన్ను ఊడదీసి మూల పడేయించి, టౌనునుంచి కొత్త ఇరుసూ కొత్త కప్లింగూ తెప్పించే పనిలో ఉన్నాడు.

"మామా, పైరు పొట్ట మీదుంది. ఇప్పుడు గుక్కెడు నీళ్ళు తాపకపోతే గింజ పాలు పోసుకోదు. అంతా తాలే," అంది.

"కొత్త సామాను వస్తందిగా వెంగమ్మా. బిగించగానే నీళ్ళొస్తయి."

"ఎన్ని కొత్తవొచ్చినా ఆ మోటారు అట్టా పెడమొహం బెట్టుకోని కూచుంటే నీళ్ళెట్టా వస్తయి? పాతచోట ఉన్నన్నాళ్ళూ రాలా? మళ్ళీ ఆడికే జరిపించు మామా."

"జరిపితే నా మోకాలు సంగతేంది?" అన్నాడు చెంచురామయ్య. హాస్యానికి అనలేదు. నిజంగానే భయపడ్డాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. ఒక పక్క ఊరి పైరు, ఇంకో పక్క ప్రెసిడెంటు మోకాలు. అక్కడున్న సభ్యులంతా మోకాలు వైపే చూశారు. వెంగమ్మ పీరయ్య వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు," అంది. పీరయ్య అలవాటు ప్రకారం "అట్టాగే వొదినా" అని, చీపురు అందుకుని నేల ఊడవసాగాడు. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

కొత్త సామాను బిగించడానికి ముహూర్తం పెట్టాలని మళ్ళీ కామావధాని గారినే పిలిచారు. ఆయన అందరికంటే ముందు వచ్చాడు. గుమ్మం పక్కన వెంగమ్మ ఆయన కోసమే కాచుకుని ఉంది. లోపల ఆయనా, ఆమే, మూలన నేనూ తప్ప ఎవరూ లేరు.

"సామీ, నాకు శాస్త్రం తెలవదు. మీ మాట తప్పని నేనంటల్లా," అంది. "ఇన్నాళ్ళూ నీళ్ళు రాకపోతే అందరూ ఆ మూలన పడున్న కప్లింగును తిట్టారు. రేపు కొత్తది గూడా ఇరిగిందనుకోండి, తిట్టడానికి ఈ పాతది ఉండదుగా. పైర్లెండినోళ్ళు ఇంకెవుర్ని తిడతారు సామీ?"

సిద్ధాంతి ఉత్తరీయం సర్దుకున్నాడు. మోటారు వైపు చూశాడు. శాస్త్రంలో లేని భయమేదో ఆయన మొహంలో కనిపించింది.

"వెనక్కి తిప్పవచ్చులే అమ్మా. కానీ ప్రెసిడెంటు గారి మోకాలు..."

"తిప్పాలంటే ఆయన మంచం తిప్పండి సామీ. మంచానికి ఏ పంపూ తగిలించి లేదుగా."

ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు విన్నాను, ఇంత తిన్నని మాట వినలేదు. సిద్ధాంతి మొహం వికసించింది.

అందరూ చేరాక ఫోను తీసి మళ్ళీ మోటారు మీద పెట్టాడు. ముల్లు మళ్ళీ గిరగిరా తిరిగింది. "దోషం కదిలింది!" అన్నాడు గంభీరంగా. "మోటారును వదిలి యజమాని శయనస్థానానికి చేరింది. మోటారును యథాస్థానంలో పెట్టి, మంచాన్ని ఆగ్నేయానికి ఒక్క యవ తిప్పండి."

"అమ్మయ్య, మోకాలికి ఢోకా లేదుగా?" అన్నాడు చెంచురామయ్య.

"ఇంకా మేలు."

"అట్టాగే," అన్నాడు పీరయ్య. ఆ రోజు మాత్రం ఆ మాట నాకు మంత్రంలా వినబడింది. నేల మీద నూనె మడ్డిలో మోటారు పాతకాళ్ళ గుర్తులు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. వాటి మీదికే జరిపాడు. కొత్త కప్లింగు వచ్చి నా చోట కూర్చుంది. నునుపుగా, నూనె వాసనతో ఉంది. నాకు కాస్త అసూయ కలిగింది, దాచను.

వెళ్ళబోతూ సిద్ధాంతి నన్ను చూపించి, "ఈ పాత ఇనుమును ఆవరణలో ఉంచకండి. దోషమంతా మోసింది ఇదే," అన్నాడు. ఆయన జీవితంలో నా గురించి చెప్పిన నిజం అదొక్కటే. ఊరు తర్వాత ఆయనకు శాలువా కప్పింది. చెంచురామయ్య మోకాలు బిళ్ళలు వాడినన్నాళ్ళూ బాగుంది. నన్ను మాత్రం ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

"నాకియ్యండి. మడవ కాడ పలక కొట్టుకపోకుండా బరువుంటది," అంది వెంగమ్మ. గోనెసంచిలో వేసుకుని, నడుము వంగిపోయినా ఆగకుండా చేనిదాకా మోసుకుపోయింది. కాలవలోంచి మడిలోకి నీళ్ళు దిగే మడవ దగ్గర పలక వేసి దానిమీద నన్ను పెట్టింది.

అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. అన్నేళ్ళు ఏటిని మెట్టెక్కించిన నేను నీళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు. అవి గొట్టంలో పోయేవి, నేను బయట తిరిగేదాన్ని. ఆ పూట కాలవలో ఎండుటాకులను తోసుకుంటూ, నురగతో, మట్టిరంగుతో వచ్చాయి. వెంగమ్మ నన్ను పక్కకు దొర్లించి పలక తీసింది. "వచ్చావా తల్లీ," అని నీళ్ళతో అంది. నీళ్ళు నన్ను ఒరుసుకుంటూ మడిలోకి దిగాయి. ఎంత చల్లగా ఉన్నాయో! నాకు సంతోషమేసింది.

ఇప్పుడు అక్కడే ఉన్నాను, తుప్పు పడుతున్నాను. ఆ యేడు వెంగమ్మ మడిలో గింజ పాలు పోసుకుంది, గట్టిపడింది, వెన్ను వంగింది. కోతల నాడు ఒక గింజ రాలి నా పళ్ళెం మీద పడింది. మొదటిసారి దాన్ని దగ్గరగా చూశాను. ఓస్, ఇంతేనా! ఒక మోటారు పెడమొహం పెట్టింది, ఒక ఇరుసు విరిగింది, ఒక ఊరు ఎండబోయింది ఇంత దానికా అనుకుంటూ ఉండగా వెంగమ్మ వచ్చి వంగి, ఆ గింజను వేళ్ళతో ఏరి ఒళ్ళో వేసుకుంది.