చిన్న కాగితంలో సగం

చెప్పుల కొట్లో పిల్లలకి బూట్లు తొడిగి "సరిపోయాయా?" అని అడగడం దండగ. ఇంటికి పోదామన్న తొందరలో ఏ పిల్లయినా తలూపుతుంది. బూటు ముందు భాగం నొక్కి, బొటనవేలు ఎక్కడిదాకా వచ్చిందో మనమే చూసుకోవాలి. ఇంత తెలిసీ నిరుడు బోధన పరీక్షలో క్లాసంతటినీ కలిపి "అర్థమైందా?" అని అడిగాను. అందరూ "ఆఁ" అన్నారు. పరీక్షాధికారి ఒక్కొక్కరినీ లేపి అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నేను పరీక్ష తప్పాను.

ఈసారీ తప్పితే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో నా పేరు తీసేస్తారు. కొట్టు అత్తయ్య మీద వదిలి, పక్క కొట్టుకి మళ్ళిన బేరాలు చూసీ చూడనట్టు ఊరుకుని, నా వయసులో సగం లేనివాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని చదివిందంతా ఆ ఒక్క పాఠంతో తేలిపోవాలి.

చిక్కేమిటంటే, నాకు పరీక్ష పడింది మా అమ్మాయి చదివే మూడో తరగతిలోనే. పాఠం సగాలు, పావులు. ముందుగా ఇంట్లో దానికే చెప్పి చూసుకున్నాను. అత్తయ్య దాన్ని పిడుగు అంటుంది, ఊరికే అనదు. రెండోసారి చెప్పేసరికి నేను అడగకముందే జవాబులు చెప్పేస్తోంది.

"రేపు నువ్వు చెయ్యెత్తకూడదు," అని పరీక్ష ముందురోజు కొట్లో దానితో అన్నాను. "అడిగినా తెలీదని చెప్పు. లేకపోతే ఇంట్లో నేర్పి తెచ్చాననుకుంటారు."

"నేర్పావుగా."

"అందుకే."

పిడుగు చెయ్యి చాపింది. "మరి నాకేంటి?"

"ఏం కావాలి?"

"లైట్లు వెలిగే బూట్లు. ఎర్రవి."

గల్లాపెట్టె దగ్గర అత్తయ్య నవ్వింది. "నీ కూతురేనమ్మా, అనుమానం లేదు."

బేరం కుదిరింది.

మర్నాడు వచ్చింది నిరుటి పరీక్షాధికారే. వెనక బెంచీలో కూర్చుని పెన్ను మూత తీశాడు. పిల్లలకి తలా ఒక పెద్ద కాగితం, ఒక చిన్న కాగితం ఇచ్చాను. మధ్యకి మడిచి చింపించాను.

"పెద్ద కాగితంలో సగం, చిన్న కాగితంలో సగం, రెండూ ఒకటేనా?"

"ఒకటే టీచర్," అంది క్లాసంతా.

కాదని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా పరీక్షాధికారి లేచి ముందుకొచ్చాడు. పెన్నుతో పిడుగు వైపు చూపించాడు.

"నువ్వు చెప్పమ్మా. ఒకటేనా?"

పిడుగు లేచింది. "తెలీదండి."

"కాగితాలు నీ చేతిలోనే ఉన్నాయిగా. చూసి చెప్పు."

"తెలీదండి."

"టీచర్ వాళ్ళమ్మాయికే రాదు," అంది వెనక నుంచి ఒక పిల్ల. క్లాసు గొల్లున నవ్వింది. పిడుగు చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు వీపు వెనక దాచుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా మాట మీదే నిలబడింది.

నిలబడ్డచోటే లెక్క వేశాను. నోరు మూసుకుని దానికి మళ్ళీ నేర్పినట్టు నటిస్తే చాలు. రాని పిల్లకి వచ్చేలా చేశానని మార్కులు పెరుగుతాయి కూడా. నాకు లాభమే. నష్టం పిడుగుది. రేపట్నుంచి క్లాసులో అది మొద్దు.

"నేను చెప్పింది వదిలెయ్యమ్మా," అన్నాను. "నీకు తెలిసింది చెప్పు."

నిజంగానే అంటున్నానా అని నా మొహంలోకి చూసింది. "ఒకటి కాదు. పెద్దదాన్లో సగమే పెద్దది."

పరీక్షాధికారి నా వైపు తిరిగాడు. "ఇంట్లో నేర్పి తెచ్చారా?"

"అవునండి. చెయ్యెత్తొద్దని కూడా నేనే చెప్పాను. దీని జవాబు లెక్కలోకి తీసుకోకండి."

"మరి ఏది తీసుకోమంటారు?"

కొట్లో నాకు మాటలకి కరువు ఉండదు. కొనేవాళ్ళు ఊరుకున్నారంటే బేరం జారిపోతున్నట్టే, అందుకని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను. ఇక్కడ ఇంకెవరైనా చెయ్యెత్తుతారేమోనని బెంచీలు వెతికాను. క్లాసంతా నన్నే చూస్తోంది.

ఇందాక వెక్కిరించిన పిల్ల మాత్రం తలొంచుకుని ఒక ముక్క మీద ఇంకో ముక్క పెడుతోంది. "ఇది దాన్ని మూయట్లేదేంటి?" అని గొణిగింది.

పక్కపిల్ల లాక్కుని తిప్పి పెట్టింది. "అయినా మూయట్లేదే."

"రెండూ సగాలేగా?" అంది మొదటి పిల్ల.

జవాబు నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల చింపిన ముక్కలన్నీ కలిపి మళ్ళీ పెద్ద కాగితం చేసింది, చిన్న కాగితం చేసింది, విడదీసింది.

"దేన్లో సగమో చూసుకోవాలి టీచర్," అంది చివరికి. "కాగితం చిన్నదైతే సగమూ చిన్నదే."

పరీక్షాధికారి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. "గంటకి ఇంకా టైముంది. పావులు కానివ్వండి."

వెళ్ళేటప్పుడు సంతకం పెడుతూ అన్నాడు: "ముందే నేర్పి తెచ్చినందుకు మార్కులు కోశానమ్మా. పాసవడానికి సరిపడా మిగిలాయి. నిరుడు మీరు ఎవర్నీ ఆలోచించుకోనివ్వలేదు."

సాయంత్రం కొట్లో పిడుగు నా కొంగు పట్టుకుంది. "నేను మాట్లాడేశాగా. బేరం పోయినట్టేనా?"

"చెడగొట్టింది నేను. నష్టం నాదే," అని ఎర్ర బూట్లు దించాను.

తొడుక్కుని గెంతింది. లైట్లు వెలిగాయి. "సరిపోయాయి," అంది.

ముందు భాగం నొక్కాను. వేలు చివరికంటా ఆనుకుని ఉంది.

"సరిపోలేదు. పై సైజు తీస్తానుండు."

"అందులో నీలం రంగే ఉందిగా," అని నసిగింది పిడుగు.