నూట నలభై మంది

సూది గుచ్చిన చోట నాకు రక్తం రావడం లేదు. మనుషులు వస్తున్నారు. ఆవగింజంత మనుషులు, ఖాకీ చొక్కాలతో, ఒకరి వెనక ఒకరు గాజు గొట్టంలోకి దిగుతున్నారు.

ల్యాబ్ టెక్నీషియన్ ఖాసిం వలీ ఆశ్చర్యపోడు. "చెయ్యి కదపమాకమ్మా, లెక్క తప్పుద్ది" అంటాడు.

నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసి తొమ్మిదేళ్లు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ నా ఒంట్లో రోగాలను అడ్డుకునే ఈ కాపలావాళ్లు ఆరు వందలకు తగ్గలేదు. కిందటేడు బట్టలు కుట్టే కంపెనీలో చేరాను. హాస్టల్ గదిలో నాతో మరో ముగ్గురు ఆడవాళ్లు. మాత్రల సీసా కదిలిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడుకు వాళ్లు తలెత్తి చూసేవారు. ఏడు నెలల క్రితం మాత్రలు మానేశాను.

"నూట నలభై" అంటూ ఖాసిం వలీ గొట్టానికి మూత పెడతాడు.

రెండో గొట్టంలోకి ప్రొటీన్లు దిగుతాయి. ఆల్బుమిన్లు కొద్దిమందే, బక్కచిక్కి ఉన్నారు. నీళ్ల కావడి ఎత్తలేక చతికిలబడతారు. నా పాదాలు ఉబ్బింది అందుకేనట. గ్లోబులిన్లు మాత్రం తిరనాళ్లంత మంది. ప్రతివాడి చేతిలో కర్ర. గాజును కొడతారు, గాలిని కొడతారు, ఒకళ్లనొకళ్లు కొట్టుకుంటారు.

"ఇంతమంది ఉన్నారుగా, నాకేం భయం?"

"కర్రలున్నయ్యమ్మా. ఎవుర్ని కొట్టాలో చెప్పేది ఆ నూట నలభై మందే. వాళ్ల గొంతు వీళ్లకి ఇనపట్లా."

డాక్టరు గది పక్కదే. నేను నడిచేకొద్దీ అది దూరం జరుగుతుంది. చేరేసరికి నా జాకెట్టు వదులైపోతుంది.

డాక్టర్ ఇందుమతి స్టెతస్కోపు నా వీపు మీద పెట్టి చాలాసేపు వింటుంది.

"తిరపతమ్మా, కుడి ఊపిరితిత్తిలో ఎవరో దిగారు."

"నేనెవరికీ అద్దెకివ్వలేదమ్మా."

"తలుపు తీసి ఉంటే అడగరు. దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"నెల నుంచి. దగ్గనుకోలేదమ్మా. సామాన్లు జరుపుతున్నట్టుండేది."

"ముందు టీబీ మందులు, వీళ్లని ఖాళీ చేయించడానికి. రెండు వారాలాగి నీ పాత మాత్రలు. కాపలావాళ్లు మళ్లీ పుడతారు. అప్పటిదాకా ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి."

"ఈసారి గదిలో వాళ్లకి చెప్పేస్తానమ్మా" అంటాను.

మొదటి మాత్ర ఆవిడ ముందే మింగుతాను. అది మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు ఇద్దరికీ వినిపిస్తుంది. కింద ఆగి తలుపు కొడుతుంది.

"గృహప్రవేశం కానివ్వండి, తర్వాత మాట్లాడదాం" అని లోపలి నుంచి ఎవరో మర్యాదగా అంటారు.

డాక్టరు స్టెతస్కోపు తీసి బల్ల మీద పెడుతుంది. నావైపు చూడదు.

పాలు పొంగిన వాసన గొంతులోకి వస్తుంది. పెదవుల వెంట వెచ్చటి నురగ కారుతుంది. తుడుచుకోబోతే, పళ్లకు అడ్డంగా కట్టిన మామిడాకులు వేళ్లకు తగులుతాయి. బయట నుంచి కొత్తబట్టలు కట్టుకున్న ఆడా మగా గదిలోకి వస్తున్నారు. వాళ్లెవరో నాకు తెలియదు. ఒక్కొక్కరే నా ముందు చెప్పులు విడిచి, తల వంచి, నేను నోరు తెరవడం కోసం నవ్వుతూ నిలబడతారు.