మందు చుట్టూ నీలి వల

ల్యాబులో అందరూ ఆమెను రిబ్బనమ్మ అంటారు. ప్రోటీన్లను మెలికలు తిరిగిన రిబ్బన్లలా గీసి పత్రికలకు పంపడం ఆమె పని. పరిశోధన ఎవరిదైనా చదివేవాళ్ళ కళ్ళు ముందు పడేది ఆమె బొమ్మ మీదే. ఆ సంగతి ప్రొఫెసరుకు బాగా తెలుసు. వ్యాసంలో తప్పులు దిద్దడానికి లేని తీరిక ఆయనకు రంగుల దగ్గర మాత్రం ఎక్కడలేనిదీ దొరికేది.

ఈసారి ప్రోటీన్ మామూలుది కాదు. అది చెడితేనే కండరాలు కరిగిపోయే జబ్బు వస్తుంది. ఆ జబ్బు ఆమె అక్కకు ఉంది. అందుకే ఈ బొమ్మకు ప్రాణం పెట్టింది. ప్రోటీన్‌కు బూడిదరంగు రిబ్బను, దాని మధ్య గుంటలో కొత్త మందుకు పసుపు పుల్లలు, పుల్లల చుట్టూ నీలి వల. రిబ్బనూ పుల్లలూ మనిషి గీసుకునేవి. వల అలా కాదు. పదార్థం ఎక్కడ ఉందో యంత్రం నిజంగా చూసి చెప్పేది అదొక్కటే. పుల్లలు వల లోపల ఉంటే మందు అక్కడ అతుక్కున్నట్టు లెక్క.

"వల చిరుగుల బొంతలా ఉందేంటమ్మా? లెవెల్ కాస్త దించు" అన్నాడు ప్రొఫెసరు.

యంత్రానికి ఎంత గట్టిగా కనిపించిన దాని చుట్టూ వల గీయాలో చెప్పే అంకె లెవెల్. దాన్ని దించితే అసలుతో పాటు చెత్త కూడా వలలోకి వస్తుంది. మరీ దించితే గాలి చుట్టూ కూడా వల కట్టొచ్చు. ఆమెకు తెలియక కాదు. మందు అక్కడ ఉండాలని ప్రొఫెసరు కంటే ఆమెకే ఎక్కువ ఆశ. దించింది. పుల్లల చుట్టూ వల నిండుగా అల్లుకుంది. దూరంగా లేచిన చెత్తనంతా ఆమె శుభ్రంగా కత్తిరించేసింది. బొమ్మ కింద లెవెల్ అంకె వేయలేదు, ఎవరూ అడగనూ లేదు. పత్రికవాళ్ళు దాన్ని ముఖచిత్రం చేశారు.

అక్క ఆ ముఖచిత్రం చూసే, కొత్త మందును రోగులకిచ్చి చూసే పరీక్షకు పేరిచ్చింది. చేరాలంటే పాత మందు మానాలన్నారు. మానేసింది. మూడు నెలలు తిరక్కుండానే చెంచా ఎత్తలేని స్థితికి వచ్చింది.

ఆ వారమే వేరే ల్యాబు వాళ్ళు అదే డేటా తీసి చూసి, గుంటలో మందేమీ లేదు, ఉన్నది నీళ్ళేనని రాశారు. ప్రొఫెసరు "వాళ్ళ కుళ్ళులే" అని కొట్టిపారేశాడు. రిబ్బనమ్మ మాత్రం వాళ్ళు రాసింది చివరిదాకా చదివింది. మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

అక్క మంచం పక్కన కూర్చుని బొమ్మ తెరిచి, లెవెల్‌ను ఉండాల్సిన చోటికి పెంచింది. వల పేలికలైపోయి మాయమైంది. పసుపు పుల్లలు ఖాళీలో మిగిలాయి.

"మరి ఈ మందు అక్కడికెలా వచ్చిందే?" అంది అక్క.

"మేమే పెట్టాం అక్కా. ఉందని చూపించడానికి లెవెల్ దించి వల వచ్చేలా చేసింది నేనే. తెలిసే చేశాను."

తిడుతుందనుకుంది చెల్లెలు. తిట్టినా బాగుండేది.

"నా సంగతి వదిలెయ్" అంది అక్క. "ఈ వార్డులో ఇంకా అయిదుగురున్నారు. డాక్టర్లు ఎంత చెప్పినా వాళ్ళకి ఈ పరీక్షలో చేరే ధైర్యం చాల్లేదు. మా చెల్లే గీసింది, నమ్మండి అని ఆ బొమ్మ చూపించి నేనే చేర్పించాను."

"నేను డాక్టర్‌కి చెప్తాను అక్కా."

"ఆయనకీ చెబుదువుగానిలే. ముందు వాళ్ళకి చెప్పు. నాకు చూపించినట్టే వల తీసి చూపించు. మంచం దిగే ఓపికుంటే నేనే వెళ్ళేదాన్ని."

రిబ్బనమ్మ లేచింది. పక్క మంచం మీది పెద్దాయన ఆమె చేతిలో లాప్‌టాప్ చూసి, తన కాళ్ళను ఒక్కొక్కటే చేతుల్తో ఎత్తి పక్కకు పెట్టుకుని చోటిచ్చాడు.

"రామ్మా, కూర్చో. ఆ బొమ్మ గీసింది నువ్వేనటగా" అన్నాడు. "మా మనవరాలొచ్చే వేళైంది. దానిక్కూడా చూపిద్దాం, కాస్త తెరిచి పెట్టు."